చెయ్యి వాసన చూసే అవ్వ

పక్కింటి పిల్ల మొన్న మా ఇంటికొచ్చి గడప దగ్గరే నిలబడి అడిగింది. "పెద్దమ్మా, టాన్సిల్స్ తీసేస్తే నొప్పి పుడుతుందా?" దాని వెనకాలే నిలబడ్డ తల్లి, చెప్పొద్దు చెప్పొద్దు అని నాకు కళ్ళతో ఒకటే సైగలు. పదిహేనేళ్ళ పిల్ల. గొంతులో కాయలూ తీస్తారట, ముక్కులో పెరిగిన కండా తీస్తారట. ఇంట్లో అందరూ కలిసి ఏమీ ఉండదు, చీమ కుట్టినట్టుంటుంది, లేవగానే ఐస్‌క్రీం పెడతారు అని దానికి నూరిపోస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. "పుడుతుంది" అన్నాను. "బాగా పుడుతుంది. కొన్నాళ్ళు మంచినీళ్ళు మింగాలన్నా ఏడుపొస్తుంది. తర్వాత పోతుంది." తల్లి మొహం మాడిపోయింది. పిల్ల మాత్రం లోపలికొచ్చి నా పక్కన కూర్చుని, ఇంకా చెప్పు అంది.

పిల్లలకు అలా ఉన్నదున్నట్టు చెప్పాలని నాకు నేర్పిన మనిషి పేరు నాకు తెలియదు. హిందూపురంలో ఆ చిన్న ఆసుపత్రి వరండాలో అందరూ ఆమెను అవ్వా అనే పిలిచేవాళ్ళు. నేనూ అవ్వా అనే పిలిచాను. పేరు అడగాలని ఎప్పుడూ తోచలేదు.

ఇది యాభైలనాటి మాట. మాది పెనుకొండ. నాయనకు బజారులో చిల్లర అంగడి. పంట కాలంలో చుట్టుపక్కల పల్లెల రైతుల దగ్గర వేరుశనగ కాయలు కొని మిల్లుకు పంపేవాడు. నాకు పదిహేనో ఏడు వచ్చేదాకా ముక్కుతో గాలి పీల్చడమంటే ఏమిటో తెలియదు. నోరు తెరుచుకునే బతుకు. పడుకుంటే ఊపిరాడక లేచి, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. నెల తిరక్కుండా గొంతు వాచి జ్వరం వచ్చేది. పోను పోను బళ్ళో అయ్యవారు పిలిచినా వినపడకుండా పోయింది. దేభ్యం మొహం అని నాకు పేరు పెట్టారు. మా నాయన కషాయాలు పోయించాడు, పసరు పిండించాడు, చివరికి రైలెక్కించి హిందూపురం తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు నా నోట్లోకి, ముక్కులోకి దీపం వేసి చూసి, "ఇట్లే వదిలితే చెవులు పోతాయి శెట్టీ. గురువారం తీసుకొని రా. ముందురోజు రాత్రి తిన్నాక ఇంకేమీ పెట్టద్దు. పొద్దున నీళ్ళు కూడా వద్దు" అన్నాడు. ఆయనది మైసూరు వైపు. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ కన్నడంలోకి జారిపోయేవాడు.

గురువారం పొద్దున రైలు దిగి ఆసుపత్రి మెట్లెక్కామో లేదో, వరండా స్తంభం పక్కన కూర్చున్న ఒక ముసలామె చేత్తో రమ్మని పిలిచింది. బక్కపలుచని మనిషి, నేత చీర, చెవులకు పెద్ద కమ్మలు. కలిగిన ఇంటి రైతు మనిషని చూస్తేనే తెలుస్తుంది. నేను దగ్గరికి పోగానే నా కుడిచెయ్యి లాక్కుని, అరచెయ్యి ముక్కుకు ఆనించుకుని వాసన చూసింది. వేళ్ళు ఒక్కొక్కటీ చూసింది. గోళ్ళ సందులు చూసింది. తర్వాత నా రెండు బుగ్గలూ నొక్కి నోరు తెరిపించి, నాలుక ఎత్తమని, అక్కడా వాసన చూసింది. నాకు సిగ్గూ, అసహ్యం రెండూ కలిగాయి.

"ఏమన్నా తింటివా పాపా?"

"లేదవ్వా."

"నీళ్ళు?"

"లేదు."

"మీ అవ్వ ఏమన్నా పెట్టెనా? అమ్మ? పక్కకు పిల్చి నోట్లో ఏమన్నా ఏసిరా?"

లేదని తల ఊపాను. అప్పుడు మా నాయన వైపు తిరిగి, "నీ చెయ్యి ఇటియ్యప్పా" అంది. మా నాయన బిత్తరపోయి చెయ్యి చాచాడు. ఆమె వాసన చూసి కళ్ళు ఎర్రజేసింది. "ఇంగువ! ఇంగువ వాసన వస్తాండాది. ఏం తినిపిస్తివి పిల్లకు?"

"అయ్యో, అంగడోన్ని అవ్వా! ఇంగువ, జీలకర్ర పొట్లాలు కట్టే చెయ్యి ఇది. సబ్బు పెట్టి తోమినా పోదు."

ఆమె నమ్మలేదు. ఆయన రెండో చెయ్యి కూడా చూసింది. రెండూ ఒకటే వాసన వచ్చాక శాంతించింది. "పిల్లోళ్ళు అబద్ధం చెప్తారప్పా. పెద్దోళ్ళు అంతకంటే చెప్తారు. అందుకే చేతులు చూస్తా" అంది. మా నాయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆపరేషన్లుండే ప్రతి గురువారం ఆమె అక్కడికి వస్తుందని, వచ్చిన ప్రతి బిడ్డ చెయ్యీ, బిడ్డను తెచ్చిన ప్రతి తల్లి చెయ్యీ, ముఖ్యంగా అవ్వల చేతులు వాసన చూస్తుందని అక్కడ పనిచేసే ఆయమ్మ చెప్పింది. పిచ్చిదనుకుని మొదట్లో వెళ్ళగొట్టబోతే డాక్టరే వద్దన్నాడట. నేను కూడా చూశాను. డాక్టరు లోపల్నించి వచ్చి నా పేరు పిలిచే ముందు ఆమె వైపు చూశాడు. ఆమె నాకేసి చూపించి, "వట్టి కడుపే" అంది. అప్పుడు గానీ ఆయన చీటీ మీద టిక్కు పెట్టలేదు. ఏమిటీ చోద్యం అనుకున్నాను.

నాకంటే ముందు ఇంకొకరు లోపల ఉన్నారు. కాసేపు ఆగాలి. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా చెయ్యి వదలకుండా అడిగింది. "ఇంట్లో ఏం చెప్పిరి నీకు?"

"ఏమీ ఉండదని. చీమ కుట్టినట్టుంటాదని."

"వాళ్ళ మొగాలు! చీమంట! ఇను. మొగం మీద గుడ్డ పెడ్తారు. ఘాటు వాసన, ఊపిరి ఆడనట్టే ఉంటాది. పెనుగులాడద్దు. గట్టిగా పీల్చు, అంత తొందరగా నిద్ర వస్తాది. చెవుల్లో గుయ్యిమంటాది. లేసినాక నోరంతా నెత్తురు. భయపడద్దు, మింగద్దు, ఉమ్మెయ్. ముక్కులో గుడ్డ కుక్కి ఉంటారు, నోటితోనే గాలి. అది నీకు అలవాటే కదా. గొంతు ఒక పక్క నొప్పి, చెవుల్లోకి ఒక పక్క నొప్పి. కోసింది గొంతులో, చెవులెందుకు నొస్తాండాయని ఏడవద్దు, అందరికీ అట్లే నొస్తాయి. రొండు దినాలకు గొంతులో తెల్లగా పొక్కు కడ్తాది. నోరు కంపు కొడ్తాది. నీ పక్కకు ఎవ్వరూ రారు. నీకే నువ్వంటే అసయ్యం పుడ్తాది. అదీ పోతాది."

అన్నీ భయపెట్టే మాటలే. అయినా ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. నాతో ఎవరైనా నిజం మాట్లాడటం అదే మొదటిసారి. "సచ్చిపోతానా అవ్వా?" అని అడిగేశాను. ఇంట్లో ఆ మాట ఎత్తితే నోటి మీద కొట్టేవాళ్ళు.

ఆమె నా వేళ్ళు మళ్ళీ ఒకసారి వాసన చూసింది. "వట్టి కడుపుతో పోతే సావరు" అంది.

అప్పుడే మెట్ల కింద పెద్ద గొంతు వినపడింది. "మా!" తలపాగా, మోకాళ్ళ దాకా దుమ్ము, నలభై ఏళ్ళ రైతు. మా నాయన అతన్ని గుర్తుపట్టాడు. పెనుకొండ దగ్గరి పల్లె, మా అంగడికి కాయలు తోలే ఆసామి. అతను మమ్మల్ని చూడనే లేదు, నేరుగా తన తల్లి దగ్గరికి, ఆ ముసలామె దగ్గరికి వచ్చాడు.

"కండ్లకు మందు ఏయించుకుంటాండానని చెప్పి వారం వారం నువ్వొచ్చేది ఈడికా మా? నా కొడుకును సంపినోని వాకిట్లో వచ్చి కూర్చుంటాండావా?"

వరండాలో అందరూ లేచి నిలబడ్డారు. మా నాయన ముందుకు పోయి, "ఎవరిని సంపింది? ఏమప్పా, ఏమైంది?" అన్నాడు.

"శెట్టీ, నువ్వా? నువ్వేల వస్తివి ఈడికి? పోయినేడు నా కొడుకును ఈడికే తెస్తి. ఈ పాపంత ఉండె. నడ్సుకుంటా లోపలికి పాయ. గొంతులో కాయలు తీస్తామని చెప్పి, గుడ్డ కప్పి బయటికి ఇచ్చిరి. మత్తు పడలేదంట! అంతే, ఆ ఒక్క మాట చెప్పి లోపలికి పాయ మహానుభావుడు. నీ బిడ్డను తీసుకొని పోప్పా. బతికించుకో."

మా నాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నా రెక్క పట్టుకుని లేపాడు. "పా పాపా. మనకొద్దు. చెవిటి దానివైనా నా ఇంట్లో ఉందువు." ఇంకిద్దరు తల్లులు కూడా పిల్లల్ని చంకనేసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టారు. నాకు ఒక పక్క బతికిపోయాననే ఉంది. ఇంకోపక్క ఇప్పుడు ఈ మెట్లు దిగితే మళ్ళీ ఎక్కనని తెలుసు. మా నాయన ఒకసారి భయపడ్డాడంటే ఆ దారి మళ్ళీ తొక్కడు. ఇక జన్మంతా గోడకు ఆనుకుని నోరు తెరుచుకుని కూర్చోవడమే, మెల్లమెల్లగా లోకం చప్పుడు లేకుండా పోవడమే.

ముసలామె స్తంభం పట్టుకుని లేచింది. దిగిపోతున్న తల్లుల్ని చూసింది. నన్ను చూసింది. కొడుకును మాత్రం చూడలేదు.

"యాడికప్పా పోయేది? కూర్చోండి. యాడికీ పోవద్దండి" అంది. "డాక్టరు సంపలేదు. నేను సంపితి."

"ఏం మాట్లాడ్తాండావు మా?"

"నేనే రా. ఆ పొద్దు నువ్వు బండి కడ్తాండావు. బిడ్డ అంత పెద్ద పనికి పోతాండాడు, పెరుగన్నం తినకుండా గడప దాటగూడదని వంటింట్లోకి పిల్చి పెడ్తి. మీ నాయనకు పెడ్తి, నీకు పెడ్తి, పెండ్లికి పోయేటప్పుడు, కోర్టుకు పోయేటప్పుడు, ఎవరికి పెట్టలేదు నేను? శాస్త్రానికి ఒగ ముద్ద అనుకొంటి. ఆకలి మీదుండె, గిన్నెడు తినె. డాక్టరు వద్దన్నాడు కదవ్వా అని అనె వాడు. పెరుగు సలవ, ఏం కాదు, అడిగితే తినలేదని చెప్పు అంటి. వాడు నా మాట ఇనె."

ఆ కొడుకు అలాగే నిలబడి అన్నాడు. "సొక్కా మీద మెతుకులుండె. ఈ ఆసుపత్రోళ్ళు ఏమన్నా పెట్టిరేమో అనుకొంటి."

అంతే. ఇంకో మాట లేదు. తిట్టలేదు, చెయ్యి ఎత్తలేదు. మెట్లు దిగి, వచ్చిన దారినే పోయాడు. ఆమె అతని వెనక రెండడుగులు వేసి ఆగిపోయింది. అప్పటికే డాక్టరు తలుపులో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. "సాకు అజ్జీ, సాకు" అన్నాడు. ఇక చాలవ్వా అని. మా నాయన ఆయన్ను చూసి, "అంటే మీకు తెలుసునా సార్?" అన్నాడు.

"తెలుసు. మత్తులో కక్కి ఊపిరికి అడ్డం పడింది. వాడి గొంతులోంచి అన్నమే తీసినాను. బయటికి వచ్చి ఈమె మొగం చూస్తే తెలిసిపోయింది. నేను చెప్పుంటే ఈమె ఆ ఇంట్లో ఉండగలదా శెట్టీ? వాన్ని ఒక్కసారే అడిగినాను తిన్నావా అని. ఇంకోసారి అడగాల్సింది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, మా నాయన్ను కాదు నన్నే అడిగాడు. "ఏమమ్మా, వస్తావా? ఇంటికి పోతావా?" నేను అవ్వ వైపు చూశాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూనే తల ఊపింది. నేను నాయన చెయ్యి విడిపించుకుని లోపలికి నడిచాను.

ఆమె చెప్పినట్టే అయింది, ఒక్క ముక్క తేడా లేదు. గుడ్డ మీద చుక్కలు చుక్కలుగా ఏదో పోశారు. ఆ ఘాటుకు పెనుగులాడబోయి, ఆమె మాట తలుచుకుని గట్టిగా పీల్చాను. ఎక్కాలు చెప్పమన్నారు. పదమూడో ఎక్కంలో ఎక్కడో పోగొట్టుకున్నాను. మెలకువ వచ్చేసరికి గొంతులో నిప్పులు. ముక్కు నిండా గుడ్డ. నోట్లో ఉప్పగా, వెచ్చగా నెత్తురు. నల్లటి గడ్డలు కక్కుకున్నాను. మా నాయన ఆ బేసిన్ చూసి బయటికి పోయి గోడకు తల కొట్టుకున్నాడట. నా తల పట్టుకుని, "ఉమ్ము. మింగద్దు. ఉమ్ము" అంటూ ఉన్నది అవ్వే. కొడుకు వదిలేసిపోయినా ఆమె ఇంటికి పోలేదు. పొద్దుట్నించీ ఆమె కూడా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని ఆయమ్మ చెప్పింది. లోపలున్న బిడ్డ లేచి గుటక వేసేదాకా ఆమె గుటక వేయదట. ప్రతి గురువారం అంతేనట.

మర్నాడు ముక్కులోంచి ఆ గుడ్డ లాగుతుంటే పేగులు లాగినట్టుంది. ఆ పొక్కు, ఆ కంపు, చెవుల పోటు అన్నీ వరసగా వచ్చాయి. గంజి చుక్క మింగడానికి దిండు కొరుక్కునేదాన్ని. కానీ ఒక్కసారి కూడా, ఇదేమిటి, చచ్చిపోతున్నానా అని భయపడలేదు. వచ్చేది ముందే తెలిసిన నొప్పి వేరు. ఒకరోజు పొద్దున్నే మా నాయన పక్కన కూర్చుని నా తల నిమురుతుంటే, ముక్కులోకి ఇంగువ వాసన వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక నాకు తెలిసిన మొదటి వాసన అదే. నేను ఏడిస్తే, నొప్పేమోనని ఆయనా ఏడ్చాడు.

ఆ తర్వాత అవ్వ మా అంగడికి అలవాటైంది. గురువారం రైలుకు ముందొచ్చి, అంగడి అరుగు మీద కూర్చునేది. నా గొంతు చూపించమనేది, వయసొచ్చిన పిల్లనని కూడా చూడకుండా బజార్లోనే బుగ్గలు నొక్కేది. "నోరు మూసుకొని నిద్రపోతాండావా?" అని అడిగేది. అవునంటే మా నాయన వైపు చూసి, "ఇదొగటి బతికె" అనేది. ఆసుపత్రికి మళ్ళీ జనం రావడం మొదలైంది. డాక్టరు సంపినాడనే మాట ఎవరైనా అంటే, ఆమె సంతలో అయినా సరే, రైల్లో అయినా సరే, నిలబడి తన కథ మొదట్నించీ చెప్పేది. పెరుగన్నంతో సహా. వినేవాళ్ళకు ఒళ్ళు జలదరించేది. ఆమె ఆపేది కాదు.

ఒకసారి నేనే అడిగాను. "మీ కొడుకు ఇప్పుడెట్లుండాడవ్వా?"

"బాగుండాడు. మాట్లాడడు."

"అస్సలా?"

"అస్సలు. ఇంట్లోంచి పో అనలేదు. ముసిల్దానికి అన్నం పెట్టద్దని పెండ్లానికి చెప్పలేదు. నేనెదురొస్తే పక్కకు జరిగి దారిస్తాడు. గురువారం పొద్దు వాకిట్లో బండి కట్టి ఉంటాది. ఎవరు కట్టిరంటే జీతగాడు అంటారు. వాడు చెప్పకుండా జీతగాడు కడ్తాడా? కానీ మాట ల్యాదు." మళ్ళీ తనే అంది. "తిట్టినా బాగుండు పాపా. సంపితివి కదే అని ఒగసారి నోరారా తిట్టినా నేను ఆ పొద్దే హాయిగా సస్తును. వాని గొంతు ఇనాల నాకు. పక్క కొట్టంలో ఎద్దుల్తో మాట్లాడ్తాంటే గోడకు చెవి పెట్టుకొని ఇంటా."

ఆమెకు ఓదార్పు అక్కర్లేదు. లేచి, చీర దులుపుకుని, రైలు టైమైందని పోయింది.

నాకు పెళ్ళయి ధర్మవరం వచ్చేశాను. పిల్లల పనుల్లో పడి ఆమెను మరిచిపోయానంటే పాపం, గురువారం వస్తే ఒకసారి తలుచుకునేదాన్ని. పుట్టింటికి పోయినప్పుడల్లా అడిగేదాన్ని. వస్తూనే ఉంది, నడుం వంగింది, అయినా వస్తూనే ఉంది అనేవాడు నాయన. అరవైల మధ్యలో, వేరుశనగ కాయలు పీకే రోజుల్లో ఒకసారి పెనుకొండలో ఉండగానే కబురొచ్చింది. అవ్వ పోయిందని. నాయనా నేనూ బండి మాట్లాడుకుని ఆ పల్లెకు పోయాం.

వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. ఎండలో ఆ మొహం ఇంకా చిన్నదైపోయింది. ఆమె మంచం పట్టినన్నాళ్ళూ కొడుకు వచ్చి గది తలుపు దగ్గర నిలబడి పోయేవాడట, లోపలికి అడుగు పెట్టేవాడు కాదట. అటు తిరిగి పడుకున్నా అతని అడుగుల చప్పుడు ఆమెకు తెలిసేదట. నోరు తెరిచి ఏదో అడగబోయేదట, అంతలో అతను వెళ్ళిపోయేవాడట. కోడలు ఇదంతా చెప్పి వలవలా ఏడ్చింది.

పాడె ఎత్తే ముందు చేట్లో బియ్యం తెచ్చారు. పోయినవాళ్ళ నోట్లో అయినవాళ్ళందరూ తలా నాలుగు గింజలు వేసి పంపాలి. అప్పుడు కోడలు అడ్డం వచ్చింది. "వద్దు. నా నోట్లో మాత్రం ఒక్క గింజ కూడా ఎయ్యద్దండి, ఆ బిడ్డ గొంతుకు అడ్డం పడిన అన్నం నాకొద్దు అని నా చేత ఒట్టేయించుకున్నాది" అంది. పెద్దలు ఒప్పుకోలేదు. అట్లెట్ల పంపిస్తారు, ఊరికి అరిష్టం అన్నారొకరు. ఒట్టు ఒట్టే అన్నారింకొకరు. గింజలు తీసుకున్నవాళ్ళు పిడికిట్లోనే పట్టుకుని నిలబడ్డారు. నా పిడికిట్లో కూడా ఉన్నాయి. అందరూ కొడుకు వైపు చూశారు.

అతను గోడ దగ్గర్నుంచి వచ్చాడు. జుట్టు అప్పటికే నెరిసిపోయింది. ఆమె తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, పై గుడ్డతో ఆమె పెదాలు మెల్లగా తుడిచాడు. చేట్లోంచి గింజలు తీసుకున్నాడు. పెదాలు బిగుసుకుపోయి ఉన్నాయి, వేలితో తెరవబోతే తెరుచుకోలేదు. వంగి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టాడు.

"తిను మా" అన్నాడు. "నేను పెడ్తాండా. తిను."